నలుగురుంటే మీటింగు

మిన్నెసోటాలో మా ఊరి మానవ హక్కుల కమిషన్‌లో కుర్చీలు ఏడు. మనుషులం ఐదుగురం. మిగతా రెండు కుర్చీలకీ ఎవరూ రారు. జీతం లేదు, అధికారం లేదు, నెలకొక సాయంత్రం పోతుంది. మేయరు అడిగాడని నేను చేరాను. టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో సగం మంది స్పానిష్ మాట్లాడే మీవాళ్ళే, కమిషన్‌లో ఒక్కరూ లేకపోతే బాగుండదన్నాడు. నాకు మాట్లాడడం రాదన్నాను. మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, నువ్వు కూర్చుంటే చాలన్నాడు. కూర్చున్నాను.

అధ్యక్షురాలు మార్లిస్. బడిలో లైబ్రరీ చూసి చూసి రిటైరయింది. మనిషికి కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది. నా పేరు నికనోర్. ఆమె నిక్ అంటుంది. అనవద్దని నేను ఎప్పుడూ అనలేదు. డ్వేన్ రైతులకి విత్తనాలు అమ్మినవాడు. నోరు ఊరుకోదు. ఇఫ్రా సోమాలీ పిల్ల, క్లినిక్‌లో నర్సు. ఐదో ఆయన బ్యాంకు ఆయన, చలికాలమంతా ఫ్లోరిడాలో ఉంటాడు. అంటే మంచు పడ్డాక మేము నలుగురమే.

మేము చేసే పని పెద్దదేం కాదు. బడిపిల్లలకి వ్యాసాల పోటీ పెడతాం. వేసవిలో పార్కులో అన్ని రకాల మనుషులూ తలో వంట తెచ్చుకుని తింటే, దానికి మేము బల్లలు వేస్తాం. ఎవరైనా వచ్చి కష్టం చెప్పుకుంటే విని, ఓటు వేసి, ఇది అన్యాయం అని సిటీ కౌన్సిల్‌కి చెబుతాం. కౌన్సిల్ వింటే వింటుంది.

ఓటు వెయ్యాలంటే నలుగురుండాలి. ఏడింట్లో సగానికి పైన అని లెక్క. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. అది మాకు ఫైరు స్టేషన్ దగ్గర అట్ల విందు రోజున తెలిసొచ్చింది. ఆ పొద్దున మేము నలుగురం అనుకోకుండా ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. డ్వేన్ అట్టు నములుతూ బస్సు స్టాపులో బెంచీ సంగతి ఎత్తాడు. ఎవరో విని పేపరువాడికి చెప్పారు. వారం తిరక్కుండా ఊరి లాయరు వచ్చి మాకు పాఠం చెప్పాడు.

"మీరు నలుగురు ఎక్కడ చేరి కమిషన్ సంగతి మాట్లాడినా అది మీటింగే. మీటింగైతే ముందుగా తలుపు మీద నోటీసు అంటించాలి. అంటించకుండా కూడితే దొంగ మీటింగు. ఆ తర్వాత ఆ సంగతి మీద మీరు వేసిన ఓటుని ఎవడైనా కోర్టులో కొట్టించెయ్యొచ్చు."

"ఫోన్లో మాట్లాడుకుంటేనో?" అంది ఇఫ్రా.

"ఒకరు ఇంకొకరికీ, వాళ్ళు మరొకరికీ చెప్పుకుంటూ పోతే అదీ మీటింగే."

"అయితే నేను పోయినప్పుడు మీరు ముగ్గురే రండమ్మా," అన్నాడు డ్వేన్. "నలుగురొస్తే నా శవపేటిక మీద నోటీసు అంటించాల్సొస్తుంది."

లాయరు నవ్వలేదు. ఆ రోజు నుంచి మేము ఒకరికొకరం ఫోను చేసుకోవడం మానేశాం. చర్చిలో కూడా దూరం దూరంగా కూర్చునేవాళ్ళం.

ఒతీలియా సంగతి చెప్పాలి.

ఒతీలియా మొగుడు లాసరో, నేను కుర్రతనంలో టెక్సస్ నుంచి ఒకే లారీలో ఇక్కడికి బీట్ దుంపలు తవ్వడానికి వచ్చాం. వాళ్ళ కొడుక్కి బాప్తిస్మం ఇచ్చిన రోజు ఆ పసివాణ్ణి చేతుల్లో పట్టుకున్నది నేనే. మావాళ్ళలో అది చుట్టరికం. అప్పటి నుంచి ఆమె నాకు కొమాద్రే, నేను ఆమెకి కొంపాద్రే. మీరు అనే పిలుచుకుంటాం. లాసరో పోయాడు. కొడుకు టెక్సస్ వెళ్ళిపోయి చమురు బావుల దగ్గర పని చేస్తున్నాడు. ఆమె రైలుకట్ట అవతల, ట్రైలర్ ఇళ్ళు వరసలుగా ఉండే పార్కులో, తన ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఇంగ్లీషు రాదు; కమిషన్‌లో స్పానిష్ వచ్చింది నా ఒక్కడికే.

ట్రైలర్ ఇల్లంటే పేరుకే బండి. ఒకసారి తెచ్చి దిమ్మెల మీద నిలబెట్టాక చక్రాలు తీసేస్తారు. ఇల్లు మనది, నేల పార్కువాళ్ళది. ఇంటి కింద చుట్టూ రేకులు కట్టి, నీళ్ళ పైపుకి కరెంటుతో కాగే వేడి తీగ చుడతాం. ఒతీలియా ఇంటి కింద ఆ తీగ చుట్టింది నేనూ లాసరోనే, వెల్లకిలా పడుకుని. మిన్నెసోటా చలిలో ఆ తీగ ఆరిందంటే ఒక్క పూటలో నీళ్ళు గడ్డకట్టి పైపు పగులుతుంది.

పార్కుని ఎక్కడో ఉన్న కంపెనీ ఒకటి కొన్నది. కొన్నాక ఒతీలియాకి ఒక కాగితం వచ్చింది. నీ ట్రైలర్ పాతబడింది, పార్కు అందం చెడుతోంది, తీసుకుపో. తీసుకుపోతే అది ఉండదు. దిమ్మెల మీద నుంచి ఎత్తితే నడుము విరుగుతుంది. అది వాళ్ళకీ తెలుసు. ఆ కాగితం ఆమె ఉన్న వరసలో మావాళ్ళ ఇళ్ళన్నిటికీ వచ్చింది. మిగతావాళ్ళు దొరికినచోటికి పోయారు. ఎదురు వరసలో డ్వేన్ పినతండ్రి కొడుకు ట్రైలర్ ఒతీలియా దానికంటే పాతది, కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టి ఉంటుంది. దానికి ఏ కాగితమూ రాలేదు.

"నా బంధువు ఇల్లు చూస్తే నాకే సిగ్గేస్తుంది," అన్నాడు డ్వేన్ నాతో. "కోళ్ళు కూడా వద్దంటాయి. దాన్నేమో అందం అంటున్నారు."

ఇఫ్రా రాజధానిలో ఉన్న పెద్ద ఆఫీసుకి ఫోను చేసింది. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. తప్పక చూస్తాం, నెలలు పడుతుందన్నారు. మాకు దగ్గర దారి ఒకటుంది. కంపెనీకి కొత్త నీళ్ళ లైనుకి కౌన్సిల్ అనుమతి కావాలి. మేము ఓటు వేసి ఇది అన్యాయం అని చెబితే, కౌన్సిల్ ఆ అనుమతి ఆపి, ముందు ఒతీలియా సంగతి తేల్చమని కంపెనీకి చెప్పొచ్చు. చెబుతామని ఇద్దరు కౌన్సిలర్లు మార్లిస్‌కి మాటిచ్చారు కూడా. కావలసింది మా ఓటు.

ఫిబ్రవరి మీటింగు రోజు మధ్యాహ్నం నుంచే మంచు పడడం మొదలైంది. ఒతీలియా చర్చికి వేసుకునే కోటు వేసుకుని, ఒక గిన్నె నిండా మొక్కజొన్న పిండి తమాలెలు ఉడికించి తెచ్చింది. జనం కూర్చునే కుర్చీల్లో ముందు వరసలో కూర్చుంది. ఇఫ్రా కారు హైవే మీద మంచులో దిగబడింది. మేము ముగ్గురం మిగిలాం.

"కొంపాద్రే, ఎప్పుడు మొదలెడతారు?"

"ఇంకొకరు రావాలి."

"ముగ్గురున్నారుగా. చెవులు ఆరు. నా సంగతికి ఆరు చెవులు చాలవా?"

మార్లిస్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నిక్, ఆమెతో చెప్పు. ఆమె మాట వినం అని కాదు. వినడానికి ఇంకా మీటింగు పుట్టలేదు. మీటింగు లేకుండా మేము వింటే రేపు ఆమెకే నష్టం."

నేను అదంతా చెప్పలేదు. "మంచు," అన్నాను.

ఒతీలియా తల ఊపింది. తమాలెలు పంచింది. కోట్లు విప్పకుండానే తిన్నాం. "ఇంత రుచిగా వండినామెని ఊళ్ళోంచి పొమ్మనే కంపెనీకి నాలిక లేదు," అన్నాడు డ్వేన్. ఆ మాట కూడా మార్లిస్ చెయ్యెత్తి ఆపేసింది. తర్వాత దీపాలార్పి ఇళ్ళకి పోయాం.

కంపెనీ కోర్టుకి పోయింది. మార్చి మీటింగు లోపలే తీర్పు అయిపోయింది. జడ్జి అడిగింది ఒకటే: కాగితం గడువుకి ముందే అందిందా? అందింది. అయితే ఖాళీ చెయ్యాలి. షెరీఫ్ ఆఫీసు వాళ్ళు ఆమెని బయటికి పంపే తారీకు తలుపు మీద అంటించి పోయారు. ఆ తారీకు శుక్రవారం. మా మీటింగు ఆ వచ్చే మంగళవారం.

గురువారం ఒతీలియా నాకు ఫోను చేసింది. "రేపు మీరు వస్తారుగా?"

"వస్తాను."

"మాట్లాడక్కర్లేదు. నిలబడండి చాలు."

శుక్రవారం పొద్దున చలి కనురెప్పలు అంటుకునేంత ఉంది. నేను వెళ్ళేసరికి మార్లిస్ కారు అక్కడుంది. నా వెనకే డ్వేన్ ట్రక్కు వచ్చి ఆగింది. వాణ్ణి చూసి మార్లిస్ మొహం మారింది. మేము ముగ్గురమూ ఒకరినొకరం చూసుకుంటుండగా మలుపు తిరిగి ఇఫ్రా కారు వచ్చింది. నర్సు బట్టల్లోనే ఉంది.

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోకూడదు కదా. నాకులాగే ఒక్కొక్కరూ, మిగతావాళ్ళు రారేమో, నేనైనా వెళ్ళాలి అనుకుని వచ్చారు.

మెట్ల దగ్గర షెరీఫ్ పంపిన డెప్యుటీ నిలబడి ఉన్నాడు. ట్రెవర్ అని, మార్లిస్ లైబ్రరీలో పెరిగిన కుర్రాడు. ఆమెని చూసి టోపీ తీశాడు. పార్కు మేనేజరు కర్ట్ చేతిలో ఫోను పెట్టుకుని మమ్మల్ని వీడియో తీస్తున్నాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు," అన్నాడు కర్ట్, వేలు ఊపుతూ. "నేను మీ ఊరి పేపరు చదువుతాను. అట్ల విందు సంగతి గుర్తుంది. నలుగురైతే మీటింగు కదా? నోటీసు ఎక్కడ అంటించారు? నాకు కనబడలేదే."

"మీటింగేంటి నాయనా," అన్నాడు డ్వేన్, "నీ మొహం చూసి చలి కాచుకుందామని వచ్చాం."

"డ్వేన్, మాట్లాడకు," అంది మార్లిస్ మెల్లిగా. "నువ్వు మాట్లాడితే అది చర్చ."

"ఇంటి సంగతి నేనెత్తానా ఇప్పుడు?"

"ఇప్పుడు ఎత్తావు."

ఇఫ్రా చేతులు చంకల్లో పెట్టుకుని అంది: "మంగళవారం ఓటు పోతుందా అయితే?"

"నలుగురం ఇక్కడ నిలబడితే పోతుంది. ముగ్గురముంటే పోదు." మార్లిస్ గొంతు దాదాపు వినబడడం లేదు. "ఈ రోజు మనిషినే బయటికి పంపుతారు. ఇల్లు ఇక్కడే ఉంటుంది, దాన్ని లాగేసేవాళ్ళు నెలాఖరుకి గాని రారు. మంగళవారం ఓటు నిలిస్తే మళ్ళీ ఇంట్లోకి తేవొచ్చు. ఒకరు వెళ్ళిపోవాలి. కనబడనంత దూరం వెళ్ళాలి."

"ఎవరు?"

"అది మాట్లాడుకోకూడదు."

"మాట్లాడుకోకుండా ఎట్లా తేలుతుంది తల్లీ!" అన్నాడు డ్వేన్. ఆవిరి మేఘంలా వచ్చింది నోట్లోంచి. కర్ట్ ఫోను ఇంకొంచెం ముందుకి జరిపాడు.

ఇక మేము కళ్ళతోనే చూసుకున్నాం. ట్రెవర్ మార్లిస్ మాట వింటాడు. ఇఫ్రాకి ఒతీలియా రక్తపోటు సంగతి, మాత్రల సంగతి తెలుసు. డ్వేన్ ట్రక్కులో సామాను పడుతుంది, పైగా ఎదురింటి ట్రైలర్ వాడి బంధువుది. నేనక్కడ ఉండడానికి కారణం ఒకటే. ఆమె నన్ను రమ్మంది. అది పైకి చూపించే కారణంలా నాకు తోచలేదు.

"భాష?" అంది ఇఫ్రా, నా వైపు చూసి.

ట్రెవర్ తన ఫోను చూపించాడు. "ఇది స్పానిష్‌లో చెబుతుందండీ. మాకు ఇచ్చారు. ఫర్వాలేదు."

నేను నా ట్రక్కు ఎక్కాను. కిటికీలో ఒతీలియా పరదా పక్కకి తీసి చూస్తోంది. చెయ్యి ఊపాను. ఆమె కూడా ఊపింది, బండి పక్కకి పెట్టి వస్తాననుకుని.

హైవే అవతల పెట్రోలు బంకు దగ్గర ఆగాను. అక్కడి నుంచి పార్కు కనబడదు, పొగగొట్టాలే కనబడతాయి. కాఫీ తీసుకుని ట్రక్కులో కూర్చున్నాను. కాఫీ తాగలేదు. అది చల్లారిపోయి పైన రేకులా మంచు కట్టింది.

తర్వాత ఏం జరిగిందో డ్వేన్ చెప్పాడు. ఒతీలియా తన బట్టలు, లాసరో ఫొటో, గోడ మీది గ్వాదలూపె మేరీమాత పటం తీసుకుని మర్యాదగానే బయటికి వచ్చింది. అంతవరకూ ఫోను బాగానే పలికింది. అప్పుడు కర్ట్ మనిషి కరెంటు స్తంభం దగ్గరికి పోయి స్విచ్చి దించాడు. అది చూడగానే ఆమె అరవడం మొదలెట్టింది. ట్రెవర్ ఫోను ముందుకి పెట్టేసరికి చలికి అది ఆరిపోయింది. ఎంత నొక్కినా వెలగలేదు. ఆమె ఇఫ్రా చెయ్యి పట్టుకుని ఇంటి పక్కకి లాక్కుపోయింది. మోకాళ్ళ మీద పడి కింది రేకుని గోళ్ళతో లాగింది. ఇల్లు వదలలేక చేస్తోందనుకున్నారు వీళ్ళు. డ్వేన్, ట్రెవర్ చెరో రెక్కా పట్టుకుని లేపారు. మార్లిస్ ఆమెని కావలించుకుని ఏడ్చిందట. చుట్టూ తిరిగి చూసిందట ఒతీలియా, రోడ్డు రెండు వైపులా. నన్ను పిలిచిందట. కొంపాద్రే అంటుంటే దేవుణ్ణి పిలుస్తోందనుకున్నాం అన్నాడు డ్వేన్.

సాయంత్రం మార్లిస్ ఇంటికి వెళ్ళాను. ఒతీలియాని ఆమే తన ఇంటికి తీసుకుపోయింది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది కొమాద్రే. బల్ల నిండా నీళ్ళ గ్లాసులు.

నన్ను చూడగానే లేచింది. "ఎక్కడికి పోయారు కొంపాద్రే?" అని, జవాబు కోసం ఆగలేదు. "ఈవిడ మంచిది. పొద్దుట్నుంచీ నేను పంపు చూపిస్తుంటే నీళ్ళు పోసి ఇస్తోంది. తాగలేక చస్తున్నాను. తీగ కొంపాద్రే! మీరూ లాసరో చుట్టిన తీగ! కరెంటు తీసేశారు. రేకు వెనక పంపు కట్టి పైపులో నీళ్ళు ఎవరూ ఖాళీ చెయ్యలేదు. నేను చెబుతూనే ఉన్నాను, చెబుతూనే ఉన్నాను, ఆ నల్లపిల్ల నా నాడి పట్టుకు చూస్తోంది!"

మార్లిస్ గుమ్మంలో నిలబడి ఉంది. "ఏమంటోంది నిక్? ఏదైనా కావాలా ఆమెకి?"

చెప్పాను. రెండు ముక్కల్లో అయిపోయింది. మార్లిస్ బల్ల మీది గ్లాసుల వంక చూసింది. తర్వాత ఒక్కొక్కటీ తీసి నీళ్ళు పారబోయడం మొదలెట్టింది. మా ఇద్దరి వైపూ తిరగలేదు.

నేను పార్కుకి పోయాను. తలుపుకి కొత్త తాళం వేలాడుతోంది. మేనేజరు ఆఫీసు మూసి ఉంది, సోమవారం వస్తామని అద్దానికి బోర్డు తగిలించి ఉంది. స్తంభం దగ్గర పెట్టెకీ తాళమే. ఎదురింట్లో, డ్వేన్ బంధువు కిటికీ అట్టముక్క పక్క నుంచి వెలుతురు పడుతోంది. ఆ వెలుతుర్లో చూశాను. ఒతీలియా తలుపు కింద సందులోంచి మంచుగడ్డ నాలికలాగా బయటికి వచ్చి మెట్ల మీదుగా కిందికి దిగింది. లోపల ఎక్కడో నీళ్ళు ఇంకా కారుతున్న చప్పుడు. చెవి పెట్టి విన్నాను. కొంతసేపటికి అదీ ఆగిపోయింది.

మంగళవారానికి ముందే మార్లిస్ మీటింగు గది తలుపు మీద నోటీసు అంటించింది. నలుగురమూ వచ్చాం. మంచు లేదు, దారులన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒతీలియా ఇంటి సంగతి ఇఫ్రా చదివి వినిపించింది. ఎదురు వరస సంగతి డ్వేన్ చెప్పాడు, ఈసారి హాస్యమాడకుండా. ఓటు వేశాం. నాలుగు చేతులూ లేచాయి. నేను చేరినప్పటి నుంచీ అంత సాఫీగా నడిచిన మీటింగు నాకు గుర్తులేదు.

ఆ పొద్దునే సిటీ ఇన్‌స్పెక్టరు ఆ ట్రైలర్ చూసివచ్చాడు. నేల ఉబ్బి విరిగింది, గోడలు తడిసి గడ్డకట్టాయి, మనుషులు ఉండడానికి పనికిరాదని రాసి తలుపుకి అంటించాడు. కంపెనీ ఏం తప్పు చేసిందో కౌన్సిల్ అడగొచ్చు. అడిగి తేల్చొచ్చు కూడా. ఉండడానికి ఇల్లు మాత్రం లేదు. ఒతీలియాకి ఇది ఇంకా ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాలని అందరూ అనుకున్నారు.

జనం మాట్లాడే వంతు వచ్చింది. మనిషికి మూడు నిమిషాలు. మార్లిస్ ఇంటి నుంచి తెచ్చిన కోడిబొమ్మ గడియారం, గుడ్లు ఉడకబెట్టేటప్పుడు వాడేది, తిప్పి బల్ల మీద పెట్టింది. ఒతీలియా చర్చి కోటు వేసుకుని ముందు వరసలో ఉంది. లేచి నిలబడింది. మైకు వైపు కాదు, నా వైపు తిరిగింది.

"ఓటు అయిందా కొంపాద్రే?"

"అయింది."

"ఎవరు గెలిచారు?"

"మనమే."

"అందరూ మనవైపేనా? ఈవిడా?"

"అందరూ."

ఆమె మార్లిస్ వైపు చూసి తల వంచింది. మార్లిస్ కూడా వంచింది. "అయితే ఇంటికి ఎప్పుడు పోవచ్చో అడగండి."

"ఏమంది?" అన్నాడు డ్వేన్.

నేను నోరు తెరిచాను. ఇఫ్రా నా మొహం చూసి తన చేతుల వంక చూసుకుంది. కోడిబొమ్మ టిక్కుటిక్కుమంటోంది. రూలు ప్రకారం ఆ మూడు నిమిషాలూ ఆమెవి, వాటి మధ్యలో మేము మాట్లాడకూడదు. ఒతీలియా నిలబడే ఉంది. కాసేపటికి నా మొహంలో ఏం చూసిందో, వెనక్కి చేత్తో కుర్చీ తడుముకుని కూర్చుంది. కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంది. మేము కూర్చునే ఉన్నాం. గంట మోగింది.

మార్లిస్ కాగితం తిప్పింది. గొంతు సవరించుకుంది. "తర్వాత సంగతి. బడిపిల్లల వ్యాస పోటీకి బహుమతులు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

డ్వేన్ ఎత్తాడు. ఇఫ్రా ఎత్తింది. నేను ఎత్తాను. మా అందరినీ చూసి, ముందు వరసలో ఒతీలియా కూడా ఎత్తింది.

మార్లిస్ లెక్కపెట్టింది. ఆ చెయ్యి లెక్కలోకి రాదని ఎవరూ అనలేదు.